ఇంట్లో నిప్పు అంటుకుంటే: మంటలార్పే ఎర్ర సిలిండరా, దుప్పటా, అలారమా? ముందు ఏది కొనాలి

పోయిన సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు వండుతుంటే బూర్లెమూకుడులో నూనె అంటుకుంది. అత్తయ్య, మా ఆవిడ పాకం ముదిరిందా లేదా అని పక్క గిన్నె దగ్గర వంగి చూస్తున్నారు, ఇటు స్టవ్ పెద్దమంట మీదే ఉండిపోయింది. ముందు నూనె మీద సన్నగా నీలంగా పొగ లేచింది, ఎవరూ పట్టించుకోలేదు, ఆ తరవాత ఒక్కసారిగా భగ్గుమంది. మంట చిమ్నీ దాకా వెళ్ళింది. నేను హాల్లోంచి పరిగెత్తుకొచ్చి బకెట్లో చెంబు ముంచాను. "నీళ్ళొద్దు బాబూ!" అని అత్తయ్య అరిచిన అరుపుకి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆవిడ ముందు స్టవ్ నాబ్ తిప్పారు, ఆ తరవాత పిండి కోసం పెట్టుకున్న పెద్ద స్టీలు పళ్ళెం తీసుకుని పైనుంచి వెయ్యకుండా, మూకుడు మన వైపు అంచు మీద ఆనించి మెల్లగా ముందుకు జరుపుతూ మూసేశారు. మంట అవతలి వైపుకి వంగి ఆరిపోయింది. అరగంట దాకా ఆ పళ్ళెం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

నేను ఆ చెంబు నీళ్ళు పోసి ఉంటే ఏమయ్యేదో తరవాత తెలుసుకున్నాను. నీళ్ళు నూనె కంటే బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి, అక్కడి వేడికి క్షణంలో ఆవిరైపోతాయి, ఆవిరి అయినప్పుడు నీళ్ళు ఇంచుమించు 1,700 రెట్లు పెరుగుతాయి. ఆ ఆవిరి మండుతున్న నూనెని తుంపరలుగా పైకి చిమ్ముతుంది. వంటగదిలో నలుగురం ఉన్నాం, అందులో ఒకరు ఏడేళ్ళ పాప.

పండగ అయిన వారానికి సికింద్రాబాద్ రాణిగంజ్ బజారుకి వెళ్ళి "ఇంటికి ఏదైనా ఫైర్ సిలిండర్ ఇవ్వండి" అని అడిగాను. షాపాయన ఆరు రకాలు ముందు పెట్టాడు. ఏది దేనికో నాకు తెలియదు, ఆయనకి అమ్ముకోవాలనే తొందర ఉంది. ఏమీ కొనకుండా వచ్చేసి, తరవాత మూడు నెలల పాటు చదివి, అడిగి, ఒక్కొక్కటీ కొనుక్కుంటూ వచ్చాను. అందులో నాకు తేలిన లెక్క ఇది: చాలామంది ముందు కొనేది ఎర్ర సిలిండర్, కానీ అది వరసలో నాలుగోది. ముందు నిప్పు పుట్టకుండా చూసేవి, తరవాత పుట్టగానే చెప్పేవి, ఆ తరవాత బయటికి వెళ్ళే దారి, ఆ మూడూ ఉన్నాకే ఆర్పేవి. ఎందుకలా అంటున్నానో కింద చెబుతాను, మీ ఇంటిని బట్టి వరస కొంచెం మారొచ్చు.

గ్యాస్: కొత్త పైపా, లీక్ డిటెక్టరా?

రెండింటిలో ఒకటే కొనగలిగితే పైపే కొనండి. ఆరెంజ్ రంగు సురక్షా పైపు రెండొందల రూపాయల చిల్లర ఉంటుంది, ఐ‌ఎస్‌ఐ గుర్తు ఉంటుంది, దాని ఆయుష్షు 5 ఏళ్ళు. పైపు మీద తేదీ అచ్చు వేసి ఉంటుంది, ఇప్పుడే లేచి వెళ్ళి చూడండి. మా ఇంట్లో ఉన్నది 8 ఏళ్ళ నాటిది, బయటికి బాగానే కనబడింది, స్టవ్ దగ్గర మడత పడ్డ చోట వేలితో వంచితే సన్నని పగుళ్ళు బయటపడ్డాయి. పైపు మీద గుడ్డ చుట్టడం, అందం కోసం ప్లాస్టిక్ తొడుగు వెయ్యడం వద్దు, పగులు కనబడదు. పొడవు మీటరున్నర మించకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు. సిలిండర్ ఎప్పుడూ నిలువుగా ఉండాలి, స్టవ్ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి.

సిలిండర్ వచ్చినప్పుడు రెండు చూడాలి. పైన పట్టీ లోపలి వైపు "సి 27" లాంటి గుర్తు ఉంటుంది. ఎ అంటే మార్చి లోపు, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబర్, డి అంటే డిసెంబర్, పక్కన అంకె సంవత్సరం. ఆ గడువు దాటిన సిలిండర్ వస్తే తిప్పి పంపండి. రెండోది, టోపీ తీసి వాల్వ్ లోపల నల్ల రబ్బరు రింగు ఉందో లేదో చూసి, తెచ్చిన అబ్బాయి వెళ్ళకముందే సబ్బు నీళ్ళు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్లతో చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. సిలిండర్ మెడకి నైలాన్ దారంతో కట్టి వచ్చే ఆ తెల్ల టోపీని చాలామంది తెంపి పారేస్తారు, కానీ లీకైన రోజున రెగ్యులేటర్ తీసేసి వాల్వ్ మూయాల్సింది దానితోనే.

ఇవన్నీ అయ్యాక డిటెక్టర్ గురించి ఆలోచించండి. మంచిది వెయ్యి నుంచి రెండున్నర వేల మధ్య వస్తుంది. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, కింద పరుచుకుంటుంది, కాబట్టి డిటెక్టర్ నేలకి ఒక అడుగు ఎత్తులో పెట్టాలి. ఇంటికి పైపు ద్వారా వచ్చే గ్యాస్ అయితే గాలి కంటే తేలిక, అది పైకి పోతుంది, కాబట్టి డిటెక్టర్ సీలింగ్ దగ్గర ఉండాలి. హైదరాబాద్‌లో, విజయవాడలో చాలా అపార్ట్‌మెంట్లు సిలిండర్ మానేసి పైపు గ్యాస్‌కి మారుతున్నాయి, అలా మారినప్పుడు డిటెక్టర్ కిందే ఉండిపోతే అది ఉన్నా లేనట్టే. కొనేటప్పుడు ఏ గ్యాస్‌కి పనిచేస్తుందో డబ్బా మీద చదవండి. ఇంట్లో వాసన తెలియని పెద్దవాళ్ళు ఒంటరిగా ఉంటే మాత్రం డిటెక్టర్‌ని కొనే వరసలో ముందుకి జరపండి, పైపుతో పాటే కొనండి. గ్యాస్‌కి ఆ కుళ్ళు వాసన మనకి తెలియడం కోసమే కలుపుతారు, ఆ వాసన పట్టే ముక్కు వయసుతో మొద్దుబారుతుంది, కోవిడ్ తరవాత మా నాన్నకి వాసన సరిగ్గా తెలియడం లేదు.

వాసన వస్తే చెయ్యాల్సింది: స్విచ్ వెయ్యకూడదు, ఉన్నది ఆపకూడదు కూడా, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో సహా. దేవుడి దగ్గర దీపం వెలుగుతుంటే ఆర్పెయ్యాలి. రెగ్యులేటర్ ఆపి, టోపీ పెట్టి, తలుపులు కిటికీలు తీసి, అందరూ బయటికి వచ్చి, అక్కణ్నుంచి 1906కి ఫోన్ చెయ్యాలి. ఇంట్లోంచి ఫోన్ చెయ్యకండి.

కరెంటు: ఎంసీబీ ఉంటే చాలదా?

చాలదు. ఎంసీబీ అంటే కరెంటు బోర్డులో దానంతటదే పడిపోయే స్విచ్చు. అది రెండు పనులు చేస్తుంది, లోడు ఎక్కువైతే పడిపోతుంది, షార్ట్ అయితే పడిపోతుంది. తీగ తోలు దెబ్బతిని కరెంటు కొంచెం కొంచెంగా గోడలోకో గీజర్ ఒంట్లోకో కారుతుంటే దానికి తెలియదు. ఆ పని ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్చు చేస్తుంది, ఇళ్ళలో 30 మిల్లీయాంపులది పెట్టుకుంటారు. మనిషికి షాక్ కొట్టినా అదే ఆపుతుంది. రెండూ ఉండాలి, ఒకటి రెండోదానికి బదులు కాదు. ఆర్‌సీసీబీ పెట్టిన మొదటి వారం ఊరికే పడిపోతుంటే దాన్ని తీసెయ్యకండి, పాత ఇళ్ళలో ఇన్వర్టర్ న్యూట్రల్, మెయిన్ న్యూట్రల్ ఎక్కడో కలిపేసి ఉంటారు, దాన్ని విడదీయించాలి. దాని మీద "టి" అని చిన్న బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి పడుతుందో లేదో చూసుకోవాలి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. వంటగది ప్లగ్గు మీద ఓవెన్, కెటిల్ కలిపి వేస్తే ఎంసీబీ పడిపోయేది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే 16 యాంపుల ఎంసీబీ తీసి 32ది పెట్టి వెళ్ళాడు. సమస్య తీరింది అనుకున్నాం. నాలుగు నెలలకి వంటగదిలో చేపల నీచు వాసన, మేం చేపలు వండింది లేదు. రెండు రోజులు చెత్తబుట్ట కడిగాం, సింకు కడిగాం. మూడో రోజు మా ఆవిడ కెటిల్ ప్లగ్గు లాగితే అది రావడం లేదు, ప్లాస్టిక్ మెత్తబడి సాకెట్‌కి అంటుకుపోయింది, ఎడమ రంధ్రం చుట్టూ గోధుమ రంగు మచ్చ. వైరింగ్ ప్లాస్టిక్ వేడెక్కినప్పుడు అలాంటి నీచు వాసనే వస్తుందని అప్పుడు తెలిసింది. ఎంసీబీ తీగని కాపాడడానికి ఉంది, తీగ మార్చకుండా ఎంసీబీ ఒక్కటీ పెద్దది చేస్తే కాపాడేది పోయి తీగే కాలుతుంది. మాటిమాటికీ పడిపోతుంటే లోడు తగ్గించండి, లేదా లావు తీగతో వేరే లైను లాగించండి. గీజర్‌కి, ఏసీకి విడి లైను ఉండాలి, వాటిని జంక్షన్ బాక్సు మీద నడపకూడదు.

డబ్బు పరిమితం అయితే ఎర్ర సిలిండర్ కంటే ముందు ఆర్‌సీసీబీ పెట్టించండి, కూలితో కలిపి మూడు వేల లోపు అవుతుంది. ఇల్లు కొత్తగా కడుతుంటే, పై తోలు మంట అంటుకోకుండా తట్టుకుని పొగ తక్కువ వదిలే ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ తీగ అడగండి, ఖర్చు కొంచెమే ఎక్కువ.

పొగ అలారం, మన వంటలు

అమెరికాలో ఉన్న మన వాళ్ళందరికీ ఇది తెలుసు, తాలింపు వేసిన ప్రతిసారీ అలారం మోగడం, ఒకరు కుర్చీ ఎక్కి టవల్ ఊపడం. అక్కడ ఇంట్లో అలారం ఉండి తీరాలి. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు కాబట్టి మనం పెట్టుకోం, పెట్టినవాళ్ళు కూడా ఎండుమిర్చి ఘాటుకి నాలుగుసార్లు మోగగానే బ్యాటరీ పీకేస్తారు. తప్పు అలారంది కాదు, పెట్టిన చోటుది. వంటగదిలో, దేవుడి గది ముందు పెట్టొద్దు, సాంబ్రాణి పొగ చాలు దానికి. పడకగదుల బయట, హాల్లో సీలింగ్‌కి పెట్టండి. కాంతితో పొగని పట్టే రకం తీసుకోండి, పరుపు, సోఫా లాంటివి రాజుకుంటూ కమిలే పొగని అది బాగా పడుతుంది, పాత అయనైజేషన్ రకం అలారంలా తాలింపు వేసిన ప్రతిసారీ ఉలిక్కిపడదు. వంటగదికి ఏదో ఒకటి కావాలనుకుంటే వేడిని పట్టే డిటెక్టర్ ఉంటుంది, అది పొగకి మోగదు.

పొగ అలారం మన ఇళ్ళలో అందరూ చివర చూసే వస్తువు, నేను మాత్రం రెండో స్థానంలో పెడతాను. నిద్రలో ఉన్న మనిషికి పొగ వాసన మెలకువ తెప్పిస్తుందని అనుకుంటాం, తెప్పించదు, ఇంకా మత్తులోకి తోస్తుంది. ఇళ్ళలో అగ్నిప్రమాదాల్లో మంట తగలకముందే పొగ పీల్చి పోయేవాళ్ళే ఎక్కువ. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఒక భవనం కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకుంటే, పైన హోటల్లో ఉన్నవాళ్ళు 8 మంది చనిపోయారు, మెట్ల దారి పొగ గొట్టంలా మారిపోయింది.

ఇప్పుడు ఎర్ర సిలిండర్

ఒక ఇంటికి ఒక్కటే అంటే 2 కిలోల ఏబీసీ పౌడరు కొనండి, అంతే. ఎ అంటే చెక్క, గుడ్డ, కాగితం, బి అంటే పెట్రోలు, కిరసనాయిల్ లాంటివి, సి అంటే గ్యాస్. కరెంటు వస్తువుల మీద కూడా వాడొచ్చు, మెయిన్ ఆపగలిగితే ఆపి వాడండి. అమెరికా లేబుళ్ళలో సి అంటే కరెంటు, అక్కడి బంధువులు ఫోన్లో చెప్పే అక్షరాలు ఇక్కడి డబ్బాకి సరిపోవు, గుర్తుంచుకోండి. 4 కిలోలది, 6 కిలోలది ఎక్కువసేపు వస్తుంది నిజమే, కానీ డబ్బాతో కలిపి ఆరేడు కిలోలు దాటిపోతుంది, దాన్ని మీ అమ్మగారు మేకు మీంచి దించి చేతిలో పట్టుకుని పిన్ను లాగగలరా అన్నది చూడండి. 1 కిలోది కారుకి బాగుంటుంది, ఇంటికి చిన్నది. 2 కిలోలది ఇంచుమించు పది సెకన్లు వస్తుంది, అంతకు మించి రాదు, ఇది తెలిసి వాడాలి.

పౌడరుకి లోపాలున్నాయి. కొట్టాక ఇల్లంతా పసుపు తెలుపు దుమ్ము, టీవీలోకి, ల్యాప్‌టాప్‌లోకి వెళితే లోపలి లోహాన్ని తినేస్తుంది. మండే నూనె మీద అది సరైన మందు కాదు, మంట ఆరినట్టు కనబడి, నూనె చల్లారలేదు కాబట్టి మళ్ళీ అంటుకోవచ్చు, దగ్గర్నుంచి కొడితే ఆ ఒత్తిడికి నూనె చిమ్ముతుంది.

సీవోటూ డబ్బా మరక పడనివ్వదు, మీటర్ బోర్డుకి, కంప్యూటర్లకి మంచిది. కానీ బరువు ఎక్కువ, ధర ఎక్కువ, గుడ్డా చెక్కా మీద పైమంట ఆరి లోపల నిప్పు మిగిలిపోతుంది, చిన్న గదిలో కొడితే మనకి ఊపిరాడదు, దాని ముందుండే కొమ్ముని పట్టుకుంటే చెయ్యి చల్లదనానికి కాలుతుంది. ఇంటికి వద్దు, అపార్ట్‌మెంట్ వాళ్ళు మీటర్ గదికి పెట్టుకోవాలి.

క్లీన్ ఏజెంట్ రకం మరక పడదు, తేలిగ్గానే ఉంటుంది, ధర మాత్రం పౌడరు కంటే రెండు మూడు రెట్లు. ఇంట్లో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని పనిచేసేవాళ్ళు ఆ గదికి కొనుక్కోండి. వంటనూనె కోసమే చేసిన తడి మందు డబ్బా ఒకటుంది, మన దగ్గర ఎఫ్ అని, అమెరికాలో కె అని రాస్తారు, అది మండే నూనె మీద పడి సబ్బు నురగలా గట్టిపడి మూసేస్తుంది. ఇంటినుంచి పిండివంటల వ్యాపారం చేసేవాళ్ళు, కర్రీ పాయింట్ నడిపేవాళ్ళు కచ్చితంగా ఇది కొనాలి, పౌడరుతో సరిపెట్టుకోవద్దు. రోజుకి కప్పు నూనెతో వండుకునే ఇంటికి అవసరం లేదు, మూత చాలు.

మంటల్లోకి విసిరే బంతి మీద నాకు నమ్మకం లేదు. మంట తగిలాక మూడు నాలుగు సెకన్లకి పెద్ద చప్పుడుతో పేలి పౌడరు చల్లుతుంది, మూకుడులో పడితే నూనె ఏమవుతుందో ఊహించండి. ఎవరూ లేని మీటర్ గదిలో, ఇన్వర్టర్ పైన వేలాడదీయడానికి పనికొస్తుంది. స్ప్రే డబ్బాలు చేతికి హాయిగా ఉంటాయి, చాలా చిన్న మంటకి తప్ప చాలవు, ఐ‌ఎస్‌ఐ గుర్తు లేనివి బోలెడు అమ్ముతున్నారు. సాధారణ డబ్బాకి ఐ‌ఎస్ 15683 అని రాసి ఉండాలి, మీటరు ముల్లు పచ్చ భాగంలో ఉండాలి, రెండింటిలో ఏది లేకపోయినా, ధర ఎంత తక్కువైనా వద్దు.

ఎక్కడ పెట్టాలి? వంటగదిలో కాదు, వంటగది గుమ్మం బయట, ఇంట్లోంచి బయటికి పోయే దారిలో. స్టవ్ పక్కన పెడితే మంటని దాటి తీసుకోవాలి. కొట్టేటప్పుడు రెండు మీటర్ల దూరంలో, వీపు వైపు గుమ్మం ఉండేలా నిలబడి, పిన్ను లాగి, గొట్టం మంట మొదట్లోకి చూపించి, పిడి నొక్కి అటూ ఇటూ ఊపాలి. పై నాలుకలకి కొడితే పౌడరు వృథా. ఏటా అగ్నిమాపక వారోత్సవాలు ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరుగుతాయి, ఆ రోజుల్లో ఫైర్ స్టేషన్ వాళ్ళు కాలనీలకొచ్చి చేసి చూపిస్తారు, మీ అసోసియేషన్ తరఫున ముందుగా అడగండి. ఒక్కసారి చేత్తో నొక్కినవాళ్ళకి ఆ పది సెకన్ల విలువ తెలుస్తుంది.

దుప్పటి, మూత, గొంగడి, గోనెసంచి

గాజు పీచుతో చేసే ఫైర్ బ్లాంకెట్ ఐదొందల నుంచి వెయ్యి లోపు వస్తుంది. మంట మీద కప్పితే గాలి ఆడక ఆరిపోతుంది, మనిషి ఒంటికి అంటుకుంటే చుట్టడానికి ఇంతకంటే మంచిది లేదు, పౌడరులా ఇల్లు పాడవదు. మూకుడికి మాత్రం మూతే మొదటి ఎంపిక, వేపుడు మొదలుపెట్టే ముందే సరిపడే మూత పక్కన పెట్టుకోవాలి. పెద్ద కళాయిలో లీటర్ల కొద్దీ నూనె మండుతుంటే బ్లాంకెట్‌ని నమ్ముకుని దగ్గరికి వెళ్ళొద్దు.

పాత ఇళ్ళలో ఉన్ని గొంగడి ఉంటే అది పారెయ్యకండి. ఉన్ని తేలిగ్గా అంటుకోదు, మన గొర్రెల ఉన్ని గొంగడి బరువుగా, దట్టంగా ఉంటుంది, ఒంటికి నిప్పంటుకున్న మనిషిని కింద పడుకోబెట్టి చుట్టడానికి బాగా పనికొస్తుంది. ఇప్పుడు మనం కప్పుకునే మెత్తటి పాలిస్టర్ దుప్పట్లు ఆ పనికి వాడకూడదు, అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. వంట చేసేటప్పుడు సింథటిక్ చీర, వదులు చున్నీ కూడా అంతే.

తడి గోనెసంచి, తడిపిన మందపాటి నూలు గుడ్డ సిలిండర్ నోటి దగ్గర మంటకి. రెగ్యులేటర్ దగ్గర మంట వస్తుంటే, చిన్నదై ఉండి, చెయ్యి చేరగలిగితే తడిగుడ్డ కప్పుతూ నాబ్ ఆపాలి. చెయ్యి చేరకపోతే ఆ మంట జోలికి పోవద్దు. గ్యాస్ ఆపలేకుండా మంట ఒక్కటే ఆర్పితే, కాలకుండా బయటికి వచ్చే గ్యాస్ గదంతా నిండి మళ్ళీ నిప్పు తగిలినప్పుడు గది మొత్తం పేలుతుంది. మంట కనబడుతున్న సిలిండర్ కంటే అది ప్రమాదం. అందర్నీ దింపేసి 101కో 112కో ఫోన్ చెయ్యండి.

స్కూటర్ బ్యాటరీకి ఇవేవీ పనిచెయ్యవు

2022 ఏప్రిల్‌లో మూడు నాలుగు రోజుల తేడాతో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. ఆ తరవాత బ్యాటరీ పరీక్షల నిబంధనలు బిగించారు, 2023 మార్చి 31 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చాయి, అందుకే పాత బ్యాటరీకీ కొత్తదానికీ తేడా చూడాలి. లిథియం బ్యాటరీ లోపల మొదలైన మంటకి బయటి గాలితో పెద్దగా పని లేదు, పౌడరు వేసినా దుప్పటి కప్పినా బ్యాటరీ లోపలి సెల్స్ ఒకదాని తరవాత ఒకటి అంటుకుంటూనే ఉంటాయి. ఇక్కడ ఎంపిక ఆర్పే వస్తువులో లేదు, చోటులో ఉంది. పడకగదిలో వద్దు, హాల్లో వద్దు, ముఖ్యంగా మెట్ల కింద, ఇంటి ఏకైక గుమ్మం దగ్గర వద్దు. నిద్రపోతూ ఛార్జింగ్ పెట్టొద్దు. ఎండలో తిరిగొచ్చిన వెంటనే పెట్టొద్దు, చల్లారనివ్వాలి. బ్యాటరీ ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా బయటికి పరిగెత్తడమే.

ఆర్పాలా, పరిగెత్తాలా?

నేను ఇంట్లో అందరికీ చెప్పింది ఒకటే. మంట చెత్తబుట్ట అంత ఉండి, వెనక గుమ్మం ఖాళీగా ఉండి, ఎవరో ఒకరు అప్పటికే అందర్నీ బయటికి పంపి 101కి ఫోన్ చేస్తుంటే ఆర్పడానికి ప్రయత్నించు. డబ్బా అయిపోయేలోపు ఆరకపోతే వదిలెయ్. వెళ్ళేటప్పుడు ఆ గది తలుపు మూసి వెళ్ళు, తాళం వెయ్యకు. మామూలు చెక్క తలుపు మూస్తే చాలు, పొగని, మంటని కొన్ని విలువైన నిమిషాలు ఆపుతుంది. పొగ ఉంటే నేలకి దగ్గరగా పాకుతూ వెళ్ళాలి, లిఫ్ట్ ఎక్కకూడదు. మెట్లలో పొగ నిండి ఉంటే వెనక్కి వచ్చి, తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి, బాల్కనీలోంచి పిలవాలి.

బాల్కనీ అన్నప్పుడు మన గ్రిల్స్ గురించి మాట్లాడాలి. 2025 మే 18 పొద్దున్నే హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. ఆ ఇంట్లోకి వెళ్ళడానికి, రావడానికి ఉన్నది ఒకే ఇరుకు దారి. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద అంతస్తులో ఉంచిన రసాయనాలు అంటుకుని పైన ఫ్లాట్లలో ఉన్నవాళ్ళు 9 మంది పోయారు. ఇవి చదివిన రోజు నేను మా బాల్కనీ వైపు చూశాను. నేల నుంచి సీలింగ్ దాకా గ్రిల్ వెల్డ్ చేసి ఉంది, పావురాలు రావని, దొంగలు రారని. నిచ్చెన వేసుకుని ఎవరైనా వచ్చినా మమ్మల్ని తీయలేరు.

దొంగల భయానికీ నిప్పు భయానికీ మధ్య ఎంచుకోనక్కర్లేదు. గ్రిల్‌లో రెండడుగుల మేర తలుపులా తెరుచుకునే ముక్క పెట్టించొచ్చు, లోపలి వైపు గొళ్ళెం, చిన్న తాళం. వెల్డర్ రెండు వేలు తీసుకుని పూట పనితో చేసిచ్చాడు. తాళంచెవి అలమరలో దాచొద్దు, చీకట్లో తడిమితే దొరికేలా, పిల్లలకీ అందేలా, కిటికీ పక్కన మేకుకి వేలాడదీయాలి. అద్దె ఇల్లు అయితే ఓనరుని అడగండి, ఒప్పుకోకపోతే కనీసం మెయిన్ గ్రిల్ గేటుకి రాత్రిపూట తాళం వేశాక చెవి అక్కడే వదలండి. అపార్ట్‌మెంట్ మెట్లలో చెప్పుల స్టాండు, పాత మంచం, సైకిల్ పెట్టడం గురించి పక్కింటివాళ్ళతో గొడవ పడాల్సొచ్చినా పడండి.

ఎంత ఉంటే ఏది

చేతిలో ఐదొందలు ఉంటే గ్యాస్ పైపు, మూకుడుకి సరిపడే మూత, గ్రిల్ తాళానికి ఇంకో చెవి. మూడు వేలు ఉంటే వాటికి తోడు రెండు పొగ అలారాలు. ఆరేడు వేల దాకా పెట్టగలిగితే ఆర్‌సీసీబీ, ఫైర్ బ్లాంకెట్. ఇంకో రెండు వేలు చేరితే 2 కిలోల ఏబీసీ. గ్యాస్ డిటెక్టర్ ఆ తరవాత, పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇంటికి ముందే. షాపాయన డబ్బాతో మొదలుపెడతాడు, మీరు పైపుతో మొదలుపెట్టండి.

ఇక ఒళ్ళు కాలితే పంపు కింద చల్లటి నీళ్ళు 20 నిమిషాలు పట్టాలి, ఉంగరం గాజులు వెంటనే తీసెయ్యాలి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న ఏదీ పుయ్యొద్దు. అంటుకుపోయిన గుడ్డ లాగొద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి 108కి ఫోన్ చెయ్యాలి.

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు అమ్మా నాన్నల ఇంటికి నేలకి అడుగు ఎత్తులో గ్యాస్ డిటెక్టర్, వాళ్ళ పడకగది బయట అలారం పెట్టి వచ్చాను. అమ్మ రెండుసార్లు బటన్ నొక్కి మోగించి చూసింది, నాన్నకి వినిపిస్తోందా అని పెరట్లోకి పంపి మూడోసారి మోగించింది. వెనకవైపు తాటాకు పాకలో పిడకలు, ఎండు కట్టెలు, పాత కిరసనాయిల్ డబ్బా ఒకేచోట ఉన్నాయి, పాక మీద నుంచి కరెంటు తీగ పోతోంది. డబ్బా తీయించాను. తీగ పక్కకి జరపడానికి లైన్‌మన్ వస్తానన్నాడు, ఎండలు ముదిరేలోపు వచ్చేలా అమ్మ రోజూ గుర్తుచేస్తోంది.